36 గంటల్లో రైతు కష్టాలు మాయం

మంగళగిరి చుట్టుపక్కల రైతులకు, నేతన్నలకు ఇక ఏ కష్టమూ లేదు. ఉన్న కష్టాలన్నీ శనివారం పొద్దున తొమ్మిదింటికి చర్చకొచ్చి, ఆదివారం రాత్రి తొమ్మిదింటికల్లా తీరిపోతున్నాయి. మధ్యలో రెండు పూటలా భోజనాలు, గంటగంటకూ టీలు, అర్ధరాత్రి దాటాక నూడుల్స్. ఆఖర్న బహుమతి ప్రదానం, వందన సమర్పణ, జాతీయ గీతం. అయితే తన కష్టాలు తీరిపోయిన సంగతి రైతుకు ఎవరూ కబురు చేయకపోవడంతో సోమవారం పొద్దున పొలానికెళ్లి, పాత అలవాటు కొద్దీ ఆయన ఇంకా బాధపడుతూనే ఉన్నాడు.

ఈ మహిమ పేరు హ్యాకథాన్. 2017లో కేంద్రం స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలుపెట్టింది. జట్టుకు ఆరుగురు, అందులో ఒక్క అమ్మాయైనా ఉండాలి. సాఫ్ట్‌వేర్ విభాగంలో తుది పోటీ 36 గంటలు ఏకబిగిన. ఢిల్లీ వాళ్లు ఒకటి పెడితే మనం పది పెట్టొద్దా? ఉండవల్లి దాటి గుంటూరు దాకా హైవేకి అటొకటి ఇటొకటి ఇంజినీరింగ్ కాలేజీలు, ప్రైవేటు యూనివర్సిటీలు. ప్రతిదానికీ సొంత హ్యాకథాన్ ఉండాల్సిందే. సొంత బస్సు, సొంత హాస్టలు ఉన్నప్పుడు సొంత హ్యాకథాన్ లేకపోతే నామోషీ కాదూ!

మంగళగిరికి వాతావరణం కూడా అలాగే కుదిరింది. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ జరిగింది మంగళగిరిలోనే. దాని సందర్భంగా విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు వేసి ఐదు గిన్నిస్ రికార్డులు కొట్టాయి. 2025 ఆగస్టు 20న రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తలుపులు తెరిచిందీ ఇక్కడే. ఇంటికొక పారిశ్రామికవేత్త అన్నది నినాదం. ఇన్ని ఆవిష్కరణల మధ్య ఇంకా ఎవరికైనా సమస్య మిగిలి ఉందంటే అది ఆ సమస్య మొండితనమే తప్ప మనవాళ్ల లోపం కాదు.

సుస్థిర వ్యవసాయం విభాగంలో గెలిచే ప్రాజెక్టు ఎలా ఉంటుందో ఒకసారి బల్ల దగ్గరికెళ్లి చూద్దాం. ఏ కాలేజీ అన్నది అనవసరం, బల్ల మారినా సరుకు మారదు. ఒక ప్లాస్టిక్ కుండీ. అందులో నర్సరీ మట్టి, మనీప్లాంటు. మట్టిలో గుచ్చిన రెండు కాళ్ల సెన్సర్. దాని నుంచి ఎర్రవైరు, నల్లవైరు, పసుపువైరు వెళ్లి నీలం రంగు బోర్డుకు తగులుకుని ఉంటాయి. పక్కన చేపల తొట్టి పంపు, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు. జడ్జీలు రాగానే జట్టు నాయకుడు గొంతు సవరించుకుని కుండీలో నీళ్లు పోస్తాడు. ఎర్రలైటు ఆరి పచ్చలైటు వెలుగుతుంది. ఫోన్‌లో టింగుమని మెసేజ్: నేల తడిగా ఉంది. హాలంతా చప్పట్లు. కళ్లముందు నీళ్లు పోసిన మట్టి తడిగా ఉందని యంత్రం కనిపెట్టేసింది మరి!

ఇదే సెన్సర్‌ను ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో గుచ్చండి. చవకరకం సెన్సర్ కాళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి తడి నేలలో కొన్ని వారాలకే తుప్పుపట్టి పూత ఊడిపోతుంది. ఎండ ముదిరితే రేగడి నెర్రెలిచ్చుకుంటుంది. సెన్సర్ సరిగ్గా ఆ నెర్రెలో పడితే దాని కాళ్లకు మట్టే తగలదు, గాలిని కొలిచి కరువొచ్చిందని కేకపెడుతుంది. పోనీ, దాని మాట నిజమే అనుకుందాం. నేల ఎండిపోయిందని ఫోన్ చెప్పింది. రైతు ఏం చేయాలి? మోటారుంటే కరెంటు ఇచ్చిన వేళకే వేయాలి. సాగర్ కుడి కాలువ కిందుంటే నీళ్లు వదిలినప్పుడే పెట్టాలి. నేల ఎండిన సంగతి ఆయనకు ముందే తెలుసు. తెలియనిది, కాలువకు నీళ్లు ఏ రోజు వస్తాయన్నది. దానికి సెన్సర్ గుచ్చాల్సిన చోటు నేలలో లేదు, ఆఫీసులో ఉంది. అక్కడ గుచ్చే ప్రాజెక్టు ఇంతవరకు ఏ బల్ల మీదా నాకు కనపడలేదు.

రెండో బహుమతి ఎప్పుడూ ఆకు యాప్‌కే. ఆకును ఫొటో తీస్తే తెగులు పేరు, మందు పేరు చెబుతుంది. తెర మీద పెద్ద అక్షరాలు: కచ్చితత్వం 99 శాతం. ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడిందో ఏ జడ్జీ అడగడు. ఇలాంటి ప్రాజెక్టులు చాలావాటికి ముడిసరుకు ప్లాంట్‌విలేజ్ అనే ఫొటోల భండారం. 54,306 ఫొటోలు, 14 పంటలు. ఆకు తెంపి, కింద కాగితం పరిచి, నీటుగా తీసిన ఫొటోలు. పంటల్లో ఆపిల్ ఉంది, ద్రాక్ష ఉంది, బ్లూబెర్రీ ఉంది, స్ట్రాబెర్రీ ఉంది. పత్తి లేదు. గుంటూరు మిర్చి లేదు. మిర్చి అని చెప్పుకోవడానికి ఉన్నది బెంగళూరు మిర్చి, అదే, మనం బజ్జీకి కూడా అయిష్టంగా వాడే క్యాప్సికం. దాంట్లోనూ రెండే రకాల ఫొటోలు: ఆరోగ్యంగా ఉన్నది, బ్యాక్టీరియా మచ్చలున్నది. ఈ భండారం మీద 2016లో అచ్చయిన పరిశోధన పత్రం 99.35 శాతం కచ్చితత్వం చూపింది. అదే పత్రం ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పింది: వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే కచ్చితత్వం 31 శాతం దగ్గరికి జారింది. ఇంటర్ బోర్డు లెక్కలో అది ఫెయిలు. మన పిల్లలు మొదటి అంకె తెర మీదికి ఎక్కించి, రెండో అంకెను ఆ పత్రంలోనే ఉండనిచ్చారు.

2021-22లో మిర్చి రైతును నేలమట్టం చేసింది నల్ల తామర పురుగు. అంతకుముందు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించిన పరాయిదేశపు పురుగు. అది గుంపులు గుంపులుగా చేరేది పూతలో. పూత రాలిపోయింది, కాయ నిలబడలేదు, చాలామంది పచ్చటి తోటలు పీకేసుకున్నారు. పురుగు పూవులో కూర్చుని ఉంటే మనవాళ్ల యాప్ ఆకు చూపించమంటోంది. ఆ ఏడాది రైతులు కట్టెలు పాతి నీలం రంగు జిగురు అట్టలు కట్టుకున్నారు. దానికి ఛార్జింగ్ పెట్టక్కర్లేదు, అప్‌డేట్ అడగదు. అందుకే కాబోలు ఆవిష్కరణల జాబితాలో దానికి చోటు లేదు.

సమస్యలు తెలుసుకోకుండా పరిష్కారాలు చెబుతున్నారని నిందించడానికి మాత్రం వీల్లేదు. క్షేత్ర పర్యటన అని ఒక ఘట్టం ఉంటుంది. కాలేజీ ఏసీ బస్సు డొంకరోడ్డు మొదట్లో ఆగుతుంది. పిల్లలు దిగి, గట్టు మీద చెప్పులు జారుతుండగా మిర్చితోటకు చేరతారు.

‘‘బాబాయ్, మీకున్న ముఖ్యమైన సమస్య ఏంటండీ?’’

‘‘రేటమ్మా.’’

‘‘అది కాకుండా?’’

‘‘కౌలు. పంట పండినా పండకపోయినా కట్టాలగా.’’

‘‘అది కూడా కాకుండా... అంటే నీళ్లు, తేమ, అలాంటివి?’’

‘‘కాలవొస్తే నీళ్లుంటయ్, రాకపోతే లేదు.’’

‘‘మరి నేలలో తేమ ఎంతుందో మీకెట్టా తెలుస్తుంది బాబాయ్?’’

ఆయన వంగి పిడికెడు మట్టి తీసి, పిసికి ఉండచేసి, ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు. ‘‘ఇట్టా.’’

పిల్ల పుస్తకంలో రాసుకుంది: రైతుల్లో సాంకేతిక అవగాహన కొరవడింది.

తర్వాత ఫొటో. రైతు మధ్యలో, జట్టు అటూ ఇటూ, మూలన అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం పడేలా. బస్సు వెళ్లిపోయింది. రేటు, కౌలు అన్న రెండు మాటలు గట్టు మీదే మిగిలిపోయాయి, ఎందుకంటే రెండింటికీ సెన్సర్ దొరకదు, పైగా అవి థీములో లేవు.

రేటు సంగతి రైతు ఊరికే అనలేదు. 2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయి గగ్గోలు పుట్టింది. చివరికి ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ మన కాలేజీలకు గంట ప్రయాణం కూడా లేదు. టిక్కీ విప్పి కాయను చేత్తో నలిపి చూసి రేటు చెప్పేది కొనేవాడు. తేమ ఎక్కువుందని కోసేది ఆయన. తాలు ఎక్కువుందని తగ్గించేది ఆయన. అక్కడ నిలబడి తేమ నిజంగా ఎంతో రైతుకు చూపించే చేతి పరికరం చేసిపెడితే ఎంత బాగుండు!

పత్తిది ఇంకా చక్కని కథ. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన పెరిగినకొద్దీ కోత, 12 దాటితే వెనక్కి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను తీతకొచ్చిన పత్తిని తడిపింది. తేమ ఎంతో తెలిసేది బండి కొనుగోలు కేంద్రానికి చేరాక. కిరాయి పెట్టి తోలుకెళ్లి, కాదనిపించుకుని, మళ్లీ కిరాయి పెట్టి తెచ్చుకోవాలి. లేదంటే అక్కడే దళారీ చెప్పిన రేటుకు వదిలేయాలి. అంటే తేమ కొలిచే మీటర్ ఈ జిల్లాలో నిజంగానే అవసరం. కాకపోతే అది కుండీలో మనీప్లాంటుకు కాదు, ఇంటి వసారాలో ఉన్న పత్తికి. కేంద్రానికి తోలకముందే చూసుకుని, ఇంకో రెండు ఎండలు పోయనివ్వాలో లేదో తేల్చుకోవడానికి. ఇన్నేళ్ల నుంచి మన పిల్లలు తేమనే కొలుస్తున్నారు. రైతు డబ్బు పోతున్న తేమను మాత్రం వదిలేసి.

యాప్‌ల కొరత ఉందని కూడా అనలేం. ఆ సీజన్‌కే ‘కపాస్ కిసాన్’ యాప్ వచ్చింది. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర రూ.8,110 కావాలంటే ముందు యాప్‌లో నమోదు, ఆ తర్వాత స్లాట్ బుకింగ్. స్మార్ట్‌ఫోన్ లేనివాడు, ఓటీపీ రానివాడు, తన పేరున పాస్‌బుక్కే లేని కౌలుదారు మిల్లు గేటు బయట నిలబడ్డారు. యాప్ లేక రైతు చెడిపోతున్నాడని హ్యాకథాన్‌లో మనవాళ్లు ఉపన్యాసం ఇస్తుంటే, యాప్ ఉండటం వల్ల పత్తి అమ్ముకోలేక ఒకడు మిల్లు ముందు తిరుగుతున్నాడు.

నేతన్న మీద కూడా మనవాళ్ల కరుణ తక్కువేం కాదు. మంగళగిరి చీరకు, నిజాం అంచుకు పేరు తెచ్చింది గుంట మగ్గం. గోతిలో కాళ్లు పెట్టి కూర్చుని నేయాలి. గట్టిగా నాలుగు వానలు పడితే రత్నాల చెరువులాంటి పల్లపు వీధుల్లో గుంటల్లోకి నీరూరుతుంది, మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఈ సమస్యకు హ్యాకథాన్ బుద్ధి ఏం చెబుతుందో మీరే ఊహించండి: గుంటలో నీటిమట్టం సెన్సర్! నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ఫోన్‌కు ‘మీ గుంటలో నీళ్లున్నాయి’ అని మెసేజ్. ఆయనకు కావలసింది వాన నీరు పోయే మురుగు కాలువ, నేలకన్నా ఎత్తున షెడ్డు. కాలువ తవ్వడానికి సివిల్ విభాగం పిల్లలు చాలు. వాళ్లను హ్యాకథాన్‌కు పిలవరు, పిలిచినా వాళ్ల దగ్గర మెరిసే లైటు ఉండదు.

మరమగ్గం నకిలీల బెడదకు బ్లాక్‌చెయిన్ తెచ్చారు. చీరకు క్యూఆర్ కోడ్ కుడతారట. కొన్ని రకాల చీరలతో పాటు మరికొన్ని వస్త్రాలను చేనేతకే కేటాయించేందుకు చట్టం వచ్చింది 1985లో; ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. మరమగ్గం మీద నేసినవాడిని పట్టుకోవడానికి నలభై ఏళ్లుగా చట్టం చేతిలోనే ఉంది. పట్టుకునే చెయ్యే లేదు. క్యూఆర్ కోడ్‌కు చేతులు మొలుస్తాయా?

ఇదంతా ఎందుకు జరుగుతోందంటే పిల్లలు తెలివితక్కువ వాళ్లయి కాదు. వాళ్లు చాలా తెలివైనవాళ్లు, పరీక్షలో ఏం అడుగుతారో కనిపెట్టి అదే రాస్తున్నారు. అడిగేవాళ్లను చూడండి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలుకు జియోట్యాగ్ ఫొటోలు కావాలి. ఇన్నోవేషన్ కౌన్సిల్ స్టార్ రేటింగ్‌కు కార్యక్రమాల లెక్క కావాలి. ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల రంగురంగుల పెట్టెల్లో కనీసం నాలుగైనా చివరి స్లైడులో మెరవాలి. వేసవిలో వేసే అడ్మిషన్ల కరపత్రానికి ముఖ్య అతిథితో అట్ట చెక్కు పట్టుకున్న ఫొటో కావాలి. ఈ లెక్కల్లో దేనికీ వచ్చే సంక్రాంతికి పరికరం పనిచేస్తోందా అన్న గడి లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థిని మన కార్పొరేట్ చదువులు ఎన్నడో ఏరి పారేశాయి.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి పోసిన పానకంలో సగమే పుచ్చుకుని మిగతా సగం భక్తుడికి వదిలేస్తాడని ప్రతీతి. హ్యాకథాన్ బడ్జెట్‌కు అంత ధర్మం కూడా లేదు. ఫ్లెక్సీలు, టీషర్టులు, ప్లాస్టిక్ సీసాల నీళ్లు, 36 గంటల ఏసీ, జడ్జీలకు శాలువాలు అంతా తాగేశాక సుస్థిరతకు చుక్క మిగలదు. నిజం చెప్పాలంటే ఒక్క వస్తువు మాత్రం రైతుకు అక్కరకొస్తుంది. కార్యక్రమం అయ్యాక విప్పేసిన ఫ్లెక్సీ. కల్లంలో మిర్చి మీద కప్పుకుంటే మంచు నుంచి కాపాడుతుంది. సుస్థిర వ్యవసాయానికి జాతీయ హ్యాకథాన్ చేసిన నికర సాయం అదే, అదీ బోర్లా వేస్తే.

పరికరం సంగతా? సోమవారం దాని బోర్డు, వైర్లు ల్యాబ్‌కు తిరిగొస్తాయి. అవే వచ్చే ఏడాది జూనియర్ల కుండీలో గుచ్చుకుంటాయి. సుస్థిరత అంటే ఇదేనేమో, ఒకే సెన్సర్‌తో ఐదు బ్యాచ్‌లు గట్టెక్కడం.

పనికొచ్చేది ఎలా పుడుతుందో తెలియనంత దూరదేశమేం కాదు మనది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేత కుటుంబపు బిడ్డ ఉన్నాడు. చీర ఒక్కటికి ఆసు పోయాలంటే, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే, తల్లి లక్ష్మి చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, భుజం పట్టేసేది. బడి చదువు మధ్యలో ఆగిన ఆ మనిషి 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, వెక్కిరింతలు పడి, 1999కి ఆసు యంత్రం పూర్తిచేశాడు. తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. విచిత్రంగా అదే ఏడాది మనకు 36 గంటల పోటీ కూడా వచ్చింది. ఏడేళ్ల పనికి దేశం దండ వేసి, ఆ చేత్తోనే గడియారం చూపించి పిల్లల్ని పరుగెత్తించింది. మల్లేశం ముందు సమస్య ఉంది, దానికోసం యంత్రం వెతికాడు. మన పిల్లల ముందు కిట్టు ఉంది, దానికోసం సమస్య వెతుకుతున్నారు.

ఇంకా దగ్గరి సాక్ష్యం గుంటూరులోనే ఉంది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. ఆ కార్యక్రమానికి ఇంధనం పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, ఒక రైతు చెబితే పక్క రైతు వినడం, డ్వాక్రా అక్కచెల్లెళ్లు ఇల్లిల్లూ తిరగడం. ఇందులో లోపాలు లేవని కాదు. కానీ అది పొలంలో ఏళ్ల తరబడి ఉంది, బల్ల మీద 36 గంటలు కాదు.

కాబట్టి కాలేజీ యాజమాన్యాలకు నాలుగు మాటలు. సెన్సర్లు మానొద్దు, తిప్పండి. ఇప్పటిదాకా అన్నీ రైతు వైపు తిప్పారు, ఆయన నేలను, ఆయన ఆకును, ఆయన గుంటను కొలిచారు. ఒకసారి అవతలి వైపు తిప్పండి. కొనేవాడి కాటాను కొలవండి. తేమ మీటర్‌ను అమ్మేవాడి చేతిలో పెట్టండి. కాలువ నీళ్ల షెడ్యూలును కొలవండి. మీ క్యాంపస్ బోర్లు నెలకెన్ని నీళ్లు తోడుతున్నాయో, మీ మెస్ చెత్త ఎక్కడికి పోతోందో గేటు ముందు బోర్డు పెట్టి చూపించండి. సుస్థిరతకు అంతకన్నా దగ్గరి సమస్య దొరకదు, బస్సు డీజిల్ కూడా మిగులుతుంది. జడ్జీల్లో ఒక మిర్చి రైతును, ఒక నేతన్నను కూర్చోబెట్టండి, దీపం వెలిగించడానికి కాదు, మార్కులు వేయడానికి. బహుమతి డబ్బులో పావు వంతు ఆదివారం రాత్రి ఇవ్వండి, మిగతాది ఒక పంటకాలం గడిచాక, పరికరం వాడినవాడు సంతకం పెట్టాక ఇవ్వండి.

తల్లిదండ్రులకు ఒకటే మనవి. ఈ వేసవిలో ఏ కాలేజీ వాళ్లు కరపత్రం చేతిలో పెట్టినా, అట్ట చెక్కు ఫొటో చూపించినా ఒక్క ప్రశ్న అడగండి: నిరుడు మొదటి బహుమతి కొట్టిన పరికరం ఇవాళ ఎవరి పొలంలో ఉంది? రైతు పేరు, ఊరు పేరు చెబితే ఆ కాలేజీలో చేర్పించండి. తెల్లమొహం వేస్తే వాళ్లు నడుపుతున్నది హ్యాకథాన్ కాదు, అడ్మిషన్ల ప్రచారం. దాని ఖర్చు మీ ఫీజులోనే ఉంటుంది.